మామూలుగా అంటే ఎలా?

“మాన్యువల్‌లో ‘ఆ తర్వాత మామూలుగా చేయండి’ అని రాశారు. మామూలుగా అంటే ఎలాగండీ?”

అతను నోరు తెరిచాడు. ఆమె వేలు చూపించింది.

“ఊఁహూఁ! మాట్లాడకూడదు. మీరిక్కడ లేరనుకోవాలి.”

“బతికుండగానేనా?”

భూమిలో పైపుల చప్పుడు విని, నీరెక్కడ కారిపోతోందో చెప్పే సాఫ్ట్‌వేర్ అతనిది. పరిశోధన పేరుతో ఏళ్ల తరబడి ఒంటిచేత్తో రాసుకున్నాడు. దానికి ఈడొచ్చిందో లేదో, అంటే రాసినవాడు పక్కన లేకపోయినా పరాయివాళ్లు వాడుకోగలరో లేదో తేల్చడానికి వచ్చిన పరీక్షకురాలు ఈమె. పాసైతే ఊరూరా నీటి ఆఫీసుల్లో వాడతారు. లేదంటే ఈ ల్యాబ్‌లోనే దుమ్ము కొట్టుకుపోతుంది.

“మనిద్దరికీ ముందు పరిచయం లేదుగా? చుట్టరికం, స్నేహం ఏదున్నా నేను మార్కులు వేయకూడదు,” అని రాగానే అడిగింది.

“లేదండీ, దేవుడి దయవల్ల!” అన్నాడు పెద్ద మొనగాడిలా. గంట తిరక్కుండానే ఆ మాట ఎందుకన్నానా అని నాలిక్కరుచుకున్నాడు.

మొదటిసారి ఫెయిల్. సరిదిద్దుకోమంది. మళ్లీ వచ్చింది, మళ్లీ తప్పులు పట్టింది. “రచయితగారూ, ఇది మాన్యువలా, పొడుపు కథా?” అని నవ్వింది. అతనికి కోపం రావాలి కదా? రాలేదు. పైగా ఆమె వచ్చే రోజున చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఒక సాయంత్రం వానకు ఇద్దరూ గుమ్మంలో ఆగిపోయారు. ఆమె ఏదో చెప్పబోయి, అతని వైపు చూసి, చటుక్కున ఆపేసింది. మర్నాడు మెసేజ్ వచ్చింది: ‘ఈ పరీక్ష నుంచి తప్పుకుంటున్నాను. ఇంకొకరు వస్తారు.’

అతనికి మతి పోయింది.

“ఏం చేశావురా?” అంది అక్క.

“ఏమీ చేయలేదక్కా!”

“అదే తప్పేమో!”

కొత్తగా వచ్చిన పెద్దాయన నవ్వడమంటే ఏమిటో తెలియని మనిషి. కానీ మాన్యువల్ చదువుకుంటూ, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా పని ముగించాడు. “పాస్,” అని లేచి వెళ్లిపోయాడు. ఎగిరి గంతేయాల్సిన వేళ ఇతను దిగాలుగా బయటికొచ్చాడు. మళ్లీ వాన. గేటు దగ్గర గొడుగు కింద ఆమె!

“పాసైందటగా, రచయితగారూ!”

“మధ్యలో వదిలేసి పోయినవాళ్లకెందుకండీ? నా పని అంత అధ్వానంగా ఉందా?”

“అయ్యో రామ! మొదటిరోజు నేనేమడిగాను?”

“మామూలుగా అంటే ఎలా అని.”

“అంతకు ముందు?”

“పరిచయం, చుట్టరికం, స్నేహం...” అతను ఆగాడు. “కానీ మనకి చుట్టరికం లేదుగా?”

ఆమె నెత్తి కొట్టుకుంది. “ఇంత తెలివైనవాడు ఇంత మొద్దెలా అయ్యాడండీ! మీ సాఫ్ట్‌వేర్‌కి మీరు లేకపోయినా పర్లేదు. నాకే, మీరు లేకపోతే ఏమీ తోచట్లేదు. అలాంటిదాన్ని మీకు మార్కులెలా వేస్తాను?”

తడుస్తున్నానన్న సంగతే మరిచిపోయాడు.

“నాకూ అంతేనండీ. ఎప్పట్నుంచో! ఇప్పుడు నేనేం చేయాలి?”

“మామూలుగా చేయండి.”

“మామూలుగా అంటే ఎలా?”

ఆమె పకపకా నవ్వి, గొడుగు అతని వైపు జరిపింది.

“ముందు ఇలా దగ్గరికి రండి. తర్వాతది నేను చెప్తాను.”