రోజుకు నాలుగు నిమిషాలు

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ట్రాకింగ్ స్టేషన్‌లో, పెద్ద గొడుగు మెట్ల కింద, సీనియర్ ఆపరేటర్ శవం దొరికింది. మెట్ల మీంచి పడి చనిపోలేదు. మెడ వెనక దెబ్బ ఒకటే ఉంది. జేబులో ఉండాల్సిన కమాండ్ కార్డు లేదు.

స్టేషన్‌లో డిష్ యాంటెన్నాలను గొడుగులంటారు. పెద్దది ఆఫీసు ముందు, చిన్నది వెనక గుట్ట మీద. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే నావిగేషన్ ఉపగ్రహాలను వాటితో వెంటాడతారు. ఆ కార్డు చేతిలో ఉన్నవాడు ఉపగ్రహానికి ఆదేశం పంపగలడు.

పదకొండింటికి ‘మీటరు’ వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన పనిముట్ల సంచి, చెవి మీద పెన్సిల్. పన్నెండేళ్లుగా అతని వేషం కరెంటు మీటర్లు చూసేవాడిదే. గూఢచారి శాఖలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

చీఫ్ ఫోన్లోనే బ్రీఫింగ్ ఇచ్చాడు.

“సాయంత్రం నాలుగున్నరకి మన ఓడ జలసంధి దాటుతుంది. రెండు వందల పన్నెండు మంది. రెండు పక్కలా కొండలు, పైన పొగమంచు. అక్కడ నాలుగే ఉపగ్రహాలు అందుతాయి. దారి తెలియాలంటే నాలుగూ కావాలి. ఒక్కటి అబద్ధమాడినా ఓడ శత్రువుల నీళ్లలోకి పోతుంది. పోతే మళ్లీ రాదు.”

“ఓడకి కబురు పెట్టొచ్చుగా?”

“పొద్దున్నుంచీ రేడియో జామ్ చేశారు. చెప్పే దారుంటే నీ మొహం ఎందుకు చూస్తాను? ఆ ఓడలో సెకండ్ ఆఫీసర్ ఎవరో తెలుసా? చచ్చిపోయినాయన కూతురు.”

స్టాఫ్‌నంతా పోలీసులు విచారణకు తీసుకెళ్లారు. స్టేషన్‌లో క్యాంటీన్ నడిపే పిన్ని ఒక్కతే మిగిలింది.

రెండింటికి అత్తరు మేడమ్ వచ్చింది. యాంటెన్నాలు రిపేరు చేసే కంపెనీ ప్రతినిధి. విదేశీ ముఠాలో శాఖ నాటిన మనిషి కూడా ఆమే. ఆమె వెళ్లిన పావుగంట దాకా వరండాలో సెంటు వాసన పోదు కాబట్టి ఆ పేరు.

“ఎండ గట్టిగా ఉంది,” అంది.

“గొడుగు ఇంట్లో మర్చిపోయాను,” అన్నాడు మీటరు. కోడ్ కుదిరింది.

ఆమె ఒక కాగితం ఇచ్చింది. “హార్బర్‌లో ఏడో గోదాము. లోపల వ్యాను, వ్యానులో డిష్. గురువారం నుంచి రోజూ రిహార్సల్ చేస్తున్నారు, నేనూ పక్కనే కూర్చున్నాను. ఉపగ్రహం ఆకాశం అంచున లేవగానే ఆదేశం వెళ్తుంది. మీవాళ్లనందర్నీ అక్కడికి పంపమను. నిన్ను నేను తీసుకెళ్తాను.”

కాగితంలో ఉపగ్రహం లేచిన వేళలున్నాయి. గురువారం 4:20. శుక్రవారం 4:20. శనివారం 4:20. ఆదివారం 4:20.

చీఫ్ మనుషులందర్నీ హార్బర్‌కు పంపాడు.

మూడూ నలభై ఆరుకు మీటరు క్యాంటీన్‌లో ఉన్నాడు. హార్బర్‌కు ఇరవై ఐదు నిమిషాలు. బయట మేడమ్ కారులో, ఇంజను ఆపకుండా కూర్చుంది. పిన్ని టీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టింది.

“తాగు. ఆయనకని పెట్టాను, అలవాటు చావక. ఇవాళ మూడూ యాభై నాలుగుకి రావాలి.”

“అంత లెక్కగానా?”

“లెక్కా, నా బొందా! నిన్న మూడూ యాభై ఎనిమిది. మొన్న నాలుగూ రెండు. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతాడు. పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తెలిసి చచ్చేది కాదు. అడిగితే, ‘నేనేం చెయ్యను పిన్నీ, ఆ ఉపగ్రహం అలా లేస్తుంది, లేవడానికి పది నిమిషాల ముందు నాకు టీ పడాలి’ అనేవాడు.”

మీటరు కాగితం తీసి మళ్లీ చూశాడు. నాలుగు రోజులు, ఒకే వేళ. గురువారం ఒక్కటే నిజం. ఇవాళ ఉపగ్రహం లేచేది 4:04కి.

కారు దగ్గరికి నడిచాడు.

“మేడమ్, నిన్న కూడా నాలుగూ ఇరవైకే లేచిందా?”

“కళ్లారా చూశాను. రోజూ అంతే. అదేమన్నా మీ ఆఫీసు బస్సా, ఆలస్యంగా రావడానికి?”

“ఆలస్యంగా రాదు. ముందే వస్తుంది.”

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పిస్టల్ సగం బయటికి వచ్చేసరికి అతను కారు తలుపు ఆ మణికట్టు మీద మూశాడు. తర్వాత ఆమె చేతిని స్టీరింగుకు కలిపి బేడీ వేశాడు.

“నీ వల్ల కాదురా,” అంది ఆమె పళ్లు బిగించి. “ఎక్కణ్ణుంచి పంపుతారో కూడా తెలీదు నీకు.”

వెనక నుంచి పిన్ని అంది: “అదేమో గానీ నాయనా, చిన్న గొడుగు గదికి రిపేరని వీళ్ల కంపెనీయే తాళం వేసిందిగా. మరి పొద్దున్నుంచీ ఆ గదికి మూడుసార్లు రెండేసి టీలు ఎవరికి పంపినట్టు?”

మేడమ్ మొహం తిప్పుకుంది.

గుట్ట ఎక్కడానికి ఆరు నిమిషాలు పట్టింది. 4:01. ఇనుప తలుపు, లోపల గడియ. కిటికీలోంచి ఇద్దరు కనిపించారు. కార్డు యంత్రంలో ఉంది. గది నెత్తిన చిన్న గొడుగు ఉపగ్రహం లేచే దిక్కుకు తిరుగుతోంది. తలుపులు పేల్చడానికి శాఖ ఒక పెన్ను ఇచ్చింది. మీటరు దాన్ని గడియ దగ్గర పెట్టి నొక్కాడు. సిరా కారింది.

అప్పుడు వెనక గోడకు మీటరు పెట్టె కనిపించింది. పన్నెండేళ్లుగా అతను ఇలాంటి పెట్టెలు చూస్తున్నట్టు నటించాడు. తెరిచి మూడు ఫ్యూజులూ పీకాడు. కంప్యూటరుకు బ్యాటరీ ఉంది. గొడుగును తిప్పే మోటారుకు లేదు. అది రెండు డిగ్రీల దూరంలో ఆగిపోయింది.

4:04కి ఉపగ్రహం లేచింది. ఆదేశం ఖాళీ ఆకాశంలోకి పోయింది.

“ఫ్యూజు పోయినట్టుంది, చూసి రా వెధవా!” లోపల ఒకడు అరిచాడు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరిచినవాడికి ఎదురుగా ఖాకీ చొక్కా.

“కరెంటాఫీసు నుంచి,” అన్నాడు మీటరు. చేతిలో రెంచి ఉంది. రెండోవాడు చేతులెత్తాడు.

ఓడ నాలుగూ ముప్పై ఒకటికి జలసంధి దాటింది. ఆరూ పదికి రేవులో ఆగింది. ఆరూ ఇరవై ఐదుకు మీటరు సెకండ్ ఆఫీసర్‌ను పక్కకు పిలిచి తండ్రి సంగతి చెప్పాడు. నివేదికలో ప్రభుత్వ ఆస్తి నష్టం అన్నచోట, పెన్ను ఒకటి, అని రాశాడు.

మంగళవారం ఉపగ్రహం సరిగ్గా నాలుగింటికి లేచింది.