మైనస్ ముప్పై కోట్ల ఏళ్ల రాయి

లేవిని ఎర్రగుంట్ల ట్రావెలర్స్ బంగ్లాలో, టిఫిన్ తింటుండగా కాల్చి చంపారు. ఒకే ఒక్క బుల్లెట్. సైలెన్సర్ వాడినట్టున్నారు, వంటవాడికి కూడా వినపడలేదు. వాడు రెండో దోసె పట్టుకొచ్చేసరికి జియాలజిస్టుగారు కుర్చీలోనే ఉన్నారు గానీ ప్రాణం లేదు. బల్ల మీద ఉండాల్సిన రెండు వస్తువులు కూడా లేవు. ఒకటి నిమ్మకాయంత సీసపు రాయి, రెండోది పంచ్ కార్డుల కట్ట.

మరునాడు పొద్దున కర్నూలులో, రాజధాని ఆఫీసులు నడిచే డేరాల్లో ఒకదాని కింద, చీఫ్ ఈ సంగతి చెబుతుంటే ఏజెంట్ సుంకన్న తలూపుతూ విన్నాడు. కడప హాస్టల్లో లేవీ తానూ ఒకే గదిలో ఉండి చదువుకున్నారు. ఒక కంచంలో తిన్న రోజులు కూడా ఉన్నాయి. కాబట్టి ఏదో ఒకటి అనిపించాలి. అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. డేరా గుడ్డ మీద మే నెల ఎండ, చీఫ్ ముక్కు మీద చెమట కనిపించాయంతే.

"వింటున్నావా?"

"వింటున్నాను సార్."

"సీసంలో కొన్ని రకాల అణువులుంటాయి. వాటి నిష్పత్తి కొలిస్తే రాయి ఎప్పుడు పుట్టిందో లెక్క కట్టొచ్చు. చేత్తో కడితే తల ప్రాణం తోకకొస్తుంది. లేవి దానికో ప్రోగ్రామ్ రాశాడు. కలకత్తాలో కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ మెషిన్‌కు ఆ కార్డులు తినిపిస్తే వయసు చెప్పేస్తుంది. కడప కొండల్లోని ఓ పాత గని నుంచి తెచ్చిన ఈ రాయికి ఎంతని చెప్పిందో తెలుసా? మైనస్ ముప్పై కోట్ల ఏళ్లు."

"మైనస్ అంటే?"

"ఇంకా ముప్పై కోట్ల ఏళ్లకు గానీ పుట్టదన్నమాట. మెషిన్ దగ్గరివాళ్లు పడీ పడీ నవ్వారట. లేవి నవ్వలేదు. పక్కనే యురేనియం ఉంటే, అది మెల్లగా సీసంగా మారుతూ ఈ రాయిలో చేరుతుంది. అప్పుడు లెక్క ముందుకు పరుగెత్తి భవిష్యత్తులో పడుతుంది. మైనస్ వచ్చిందంటే కొండ కింద యురేనియం ఉన్నట్టే."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. టోపీ, పైపు, నవ్వు మొహం.

"డాక్టర్ హాల్బెర్గ్. పైకి మైనింగ్ కన్సల్టెంట్. లోపల విదేశీ గూఢచారి రింగ్‌కు హెడ్. లేవి కార్డులు అతని దగ్గరే ఉన్నాయి. రాయిని వాళ్ల దేశంలో కొలిచి, అదే ప్రోగ్రామ్‌తో లెక్క సరిచూసుకుంటాడు. ఈ సాయంత్రం డోన్‌లో రైలెక్కి బొంబాయి పోతున్నాడు. అక్కణ్ణుంచి ఓడ."

"అరెస్ట్ చేస్తే సరిపోదా సార్?"

"చేస్తే ఆ రాయికి అంత విలువుందని మనమే దండోరా వేసినట్టు. కొండ దారులన్నీ అటవీశాఖ పేరు చెప్పి మూయించాను. వాళ్లకు రెండో రాయి దొరకదు. ఉన్న ఒక్కటీ చడీచప్పుడు లేకుండా మారిపోవాలి. తనిఖీ చేస్తామన్న భయంతో దాన్ని సుర్మాగా నూరించారు. కంటికి పెట్టుకునే సుర్మా కూడా నూరిన సీసపు రాయే, దాన్ని ఎవడు అనుమానిస్తాడు? అతని సెక్రటరీ వెండి సుర్మాదానిలో మోసుకుపోతుంది. పేరు జ్ఞానమణి."

"మన జ్ఞానమణేనా?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా. అసలు ఎవరి మనిషో ఆ దేవుడికే తెలియాలి." చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను తీసి చేతిలో పెట్టాడు. "మూత తిప్పితే సూది వస్తుంది. విషం. నువ్వు సుర్మా అమ్మేవాడిగా వెళ్లి డబ్బా మార్చెయ్. కుదరకపోతే ఇది వాడు. కోడ్ లేవి పెట్టిందే."

ఒక ఆడమనిషిని చంపమంటున్నారు. దానికీ సుంకన్నకు ఏమీ అనిపించలేదు. పెన్నును జేబులో పెట్టుకున్నాడు.

డోన్ స్టేషన్లో ప్లాట్‌ఫారం ఎండకు కాలిపోతోంది. గడ్డం, లుంగీ, మెడకు వేలాడే తట్ట. తట్టలో దువ్వెనలు, అద్దాలు, సుర్మా డబ్బాలు. "సుర్మా! కంటికి సల్వ సుర్మా!" అని అరుస్తూ సుంకన్న ఫస్ట్ క్లాస్ పెట్టె దగ్గరికి చేరాడు. కిటికీలో హాల్బెర్గ్ కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది.

తలుపు దగ్గర జ్ఞానమణి నిలబడి ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఎత్తు మడమల జోళ్లు, నల్లద్దాలు. ప్లాట్‌ఫారం మీద మగవాళ్లు దారి మరిచిపోయి ఆమెనే చూస్తున్నారు. సుర్మాదాని ఆమె మెడలో వెండి గొలుసుకు వేలాడుతోంది. మార్చే దారి లేదని సుంకన్నకు తెలిసిపోయింది.

"ఇంట్లో పెద్దాయనకు వయసెంతమ్మా?" అన్నాడు.

"ఇంకా పుట్టలేదు లేప్పా."

కోడ్ సరిపోయింది. కానీ రెండు పక్షాలకూ పనిచేసే మనిషికి కోడ్ తెలియడం గొప్పేమీ కాదు.

"ఎవడు వాడు?" హాల్బెర్గ్ ఇంగ్లీషులో గద్దించాడు.

"సుర్మా అమ్మేవాడు డాక్టర్. నా సుర్మా మంచిది కాదంటున్నాడు." ఆమె మళ్లీ సుంకన్న వైపు తిరిగింది. "నీది నాకొద్దప్పా. నాది మాబుసాబు నూరింది."

గార్డు విజిల్ వేశాడు. సుంకన్న తట్ట కింద పెన్ను మూత తిప్పాడు. ఒక్క అడుగు చాలు.

"యాడి మాబుసాబు?"

"కర్నూలు కోట కాడి ఆయప్పే. యాడ నూరిస్తే ఏముండాది, హోటల్లోనే నూరించు అనె మా దొర. నేనే మాబుసాబు కాడికి తీసకపోతి. ఆయప్ప సంగతి నీకు తెల్దా?"

తెలుసు. కర్నూలులో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. మాబుసాబు కొత్త రాయిని ఉన్నదున్నట్టు నూరి ఎవరికీ ఇవ్వడు. కొత్త రాయి కంటికి వేడి. తాతల నాటి జాడీలోని పాత సుర్మా సగానికి సగం కలిపి గానీ చేతికివ్వడు. బతిమాలినా, బెదిరించినా అంతే. చిన్నప్పుడు సుంకన్న ఆ దుకాణంలో అమ్మ చెయ్యి విడిపించుకుని, ఇంకా కలపని పొడి కంటికి రాసుకుని రోజంతా గుక్కపెట్టి ఏడ్చాడు.

ఆమె చెప్పేది నిజమైతే ఆ డబ్బాలో రెండు రకాల సీసం కలిసిపోయింది. ప్రపంచంలో ఏ మెషిన్ కూడా వాటిని విడదీయలేదు. అబద్ధమైతే యురేనియం కొండ ఓడెక్కి పోతోంది. రైలు కదిలేలోపు తేలాలి.

"చూపిచ్చు మరి," అన్నాడు.

ఆమె మూత తీసి, పుల్ల ముంచి అందించింది. హాల్బెర్గ్ చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చింది. సుంకన్న కింది రెప్ప లాగి, బేరగాడి దర్జాతో పుల్లను ఈ కొస నుంచి ఆ కొసకు గీశాడు. మండాలి. మండితే సూది దించాలి. మండాలనే అతనికి ఉంది. ఆ వంకతోనైనా లేవి కోసం కంట్లో నీళ్లు వస్తాయేమోనని.

చల్లగా ఉంది. చుక్క నీరు రాలేదు. సుంకన్న పెన్ను మూత బిగించాడు.

"మంచి సుర్మానే తల్లీ. పట్టకపో."

ఆమె నల్లద్దాలు ఒక్క క్షణం పైకెత్తింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"లేవి నన్ను చెల్లీ అనేటోడు," అంది, పెదవి కదలకుండా. "సుర్మా పెట్టుకోని ఏడ్చకూడదంట. ఓడెక్కినంక ఏడుస్తా."

రైలు కదిలింది. సంగతి బయటపడితే సముద్రం మధ్యలో ఆమెను ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. హాల్బెర్గ్ నవ్వుతూ కిటికీలోంచి ఒక అణా విసిరాడు. సుంకన్న వంగి తీసుకుని, సలాం చేశాడు.

వానలు పడే రోజుల్లో టెలిగ్రాం వచ్చింది. "పెద్దాయనకు నలభై కోట్లు. మామూలు మనిషే. నేను క్షేమం."

చీఫ్ మూడుసార్లు చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. కలిపిన పొడికి మైనస్ రాకపోయేసరికి హాల్బెర్గ్ మనుషులు కొండ సంగతి వదిలేశారు. లేవి లెక్కే తప్పని, అతని ప్రోగ్రామ్‌తోనే తేల్చుకున్నారు. చంపినవాడు ఎక్కడో పైపు కాలుస్తూ హాయిగా ఉన్నాడు. "కేస్ క్లోజ్డ్," అన్నాడు చీఫ్. సుంకన్న పెన్ను వెనక్కిచ్చి బయటికొచ్చాడు. సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు.

కాళ్లు కోట వైపు నడిచాయి. మాబుసాబు రోలు ముందు కూర్చుని ఉన్నాడు.

"మొన్న పట్టుచీర ఆయమ్మ తెచ్చిన రాయి ఏమన్నా మిగిలిందా సాబూ?"

"కలపకముందు పొడి చిటికెడు ఉండాది. అది పనికిరాదప్పా, కంటికి శానా వేడి."

"అదే ఇయ్యి."

వద్దు వద్దంటూనే ముసలాయన పొట్లం విప్పాడు. సుంకన్న పుల్ల ముంచి కంట్లో గీసుకున్నాడు. నిప్పు పడ్డట్టు మండింది. నీళ్లు చెంపల మీదుగా, గడ్డం మీదుగా కారాయి. సుర్మా అంతా కొట్టుకుపోయాక కూడా కారుతూనే ఉన్నాయి. పుల్ల ముట్టని రెండో కంట్లోంచి కూడా కారాయి. అతను మోకాళ్ల మీద తల పెట్టుకుని, లేవీ, లేవీ అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

మాబుసాబు చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"చెప్తిని గదప్పా, అది పచ్చి రాయని."

"అవును సాబూ, శానా పచ్చిది," అన్నాడు సుంకన్న మొహం తుడుచుకుంటూ. "ఇంకా పుట్టనే లేదు."