ఎదుటి పక్షం

"చైనావాళ్లకు ఫిలాసఫీ ఏడిది? పెద్దోళ్లకు దండం పెట్టు, నాయిన మాట విను. అంతే గదా!" అన్నాడు హైదర్.

ఎం.ఏ. క్లాసులో పక్క బెంచీలోంచి షహజాదీ దిగ్గున లేచింది. "మీ యూరప్‌వాళ్లదేమున్నది? నేను ఉన్ననా, లేనా అని అనుమానపడుడు! అద్దంల చూసుకుంటె తెల్వదా?"

క్లాసంతా నవ్వింది. కోపంతో ఎర్రబడిన ఆ ముక్కును చూస్తూ హైదర్ జవాబు మరిచిపోయాడు.

ఆ 1979 వానాకాలమంతా వాళ్ల పోట్లాట సాగింది. గ్రీకుల నుంచి జర్మన్ల దాకా అతను, కన్ఫ్యూషియన్ల నుంచి టావో మార్గం దాకా ఆమె. హైదర్ తన ఊరు నెక్కొండకు పోయే సాయంత్రం రైలుకు టైమయ్యేదాకా లైబ్రరీ వరండాలో వాదించుకునేవారు. వాన పెద్దదైతే ఇద్దరికీ సంతోషమే. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు.

ఒకరోజు హైదరే చెప్పాడు. "మా అబ్బా మేనత్త బిడ్డను చేసుకొమ్మంటాండు."

"నువ్వేమన్నవ్?"

"ఇంకా ఏం చెప్పలే."

షహజాదీ పుస్తకాలు సర్దుకుని వానలోనే వెళ్లిపోయింది.

మరుసటి వారం సెమినార్. తండ్రి మాట గొప్పదా, మనసు మాట గొప్పదా అన్నది విషయం. రాంచందర్ సార్‌కు తమాషా తోచింది. "ఈసారి పక్షాలు మార్చుకోండ్రి. హైదర్ చైనా దిక్కు, షహజాదీ యూరప్ దిక్కు."

హైదర్ రెచ్చిపోయాడు. "మనసు నిన్న పుట్టిన ఇష్టాన్ని చూస్తుంది. తండ్రి మనం పుట్టకముందు నుంచీ మనల్ని చూస్తాడు. ఆయన్ని కాదన్నవాడు రేపు ఎవరి చెయ్యి పట్టుకున్నా నిలబడడు!"

చప్పట్లు మోగాయి. షహజాదీ లేచింది. "మనసు..." అని ఆగి, "మాటలు వస్తలేవు సార్" అంటూ కూర్చుంది.

ఆ సాయంత్రం వరండాకు రాలేదు. ఓడిపోయిందని అలిగిందిలే అనుకున్నాడు హైదర్.

దసరా సెలవుల్లో తండ్రితో తెగించి మాట్లాడాడు. తండ్రి కేకలేశాడు, మాట్లాడడం మానేశాడు, చివరికి మెత్తబడ్డాడు. "నీ మొండితనం పాడుగాను! ఆ పిల్ల ఇల్లేడనో చెప్పు."

కాలేజీ తెరిచారు. షహజాదీ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం, మట్టెవాడలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు హైదర్. తలుపు తీసిన షహజాదీ చేతులకు ఎర్రగా గోరింటాకు.

"ఎవరి పెండ్లి?"

"నాదే. మొన్న ఆదివారం అయింది. ములుగు సంబంధం. పెండ్లయినంక మొదటి శుక్రవారం గదా, జుమాగీ దావత్‌కు పుట్టింటికి వచ్చినం. ఆయన నమాజుకు పోయిండు."

హైదర్‌కు తను చెప్పడానికి వచ్చిన మాట తప్ప ఇంకేదీ నోటికి రాలేదు. "మా అబ్బా ఒప్పుకున్నడు. నీ కోసమే కొట్లాడిన."

ఆమె తలుపు పట్టుకుంది. "మరి ఆ రోజు నా కండ్లల్లకు చూసుకుంట, తండ్రి మాట కాదనొద్దంటివి గదా?"

"అది సెమినార్! సార్ ఇచ్చిన పక్షం!"

"నాకే జవాబు చెప్తున్నవనుకున్న."

"ఒక్కసారన్న అడగకపోయినవ్!"

"నువ్వు ఒక్కసారన్న చెప్పకపోయినవ్."

పరదా కదిలింది. షహజాదీ తల్లి అజ్మత్ బీ బయటికి వచ్చింది. అంతా విన్నదని ముఖమే చెబుతోంది. హైదర్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె తిట్టలేదు.

"మనసుల ఎవరన్న ఉన్నరా అని ఎన్నిసార్లడిగిన బేటా! ఎవ్వరు లేరని ఏడ్చింది. నీ పేరు చెప్తే నేనే మీ ఇంటికి వస్తుంటి." అతని తల మీద చెయ్యి పెట్టింది. "అల్లా నిన్ను సల్లగ చూడాలె. ఇగ పో. అల్లుడొచ్చే యాళ్లయింది."

షహజాదీ లోపలికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

గల్లీలో వాన. ఎదురుగా అత్తరు వాసనతో, కొత్త షేర్వాణీలో ఒక యువకుడు వస్తూ, తడుస్తున్న హైదర్‌ను చూసి ఆగాడు.

"అరే భాయ్, గట్ల తడుస్తానవేంది? గొడుగు కిందికి రా. గదే మా అత్తగారిల్లు. అన్నం తిని పోదువు."

హైదర్ ఆ ముఖంలో ఏదైనా చెడు కనిపిస్తుందేమోనని వెతికాడు. దొరకలేదు.