షెడ్డులో మూడు రోజుల సెలవు

"వేడి ముల్లు ఎర్ర గీత దాటాక ఎంత దూరం నడిపారు?"

మా వ్యాను బానెట్‌లోంచి ఆవిరి బుసలు కొడుతుంటే ఆ అమ్మాయి నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. మోచేతుల దాకా గ్రీజు, ముక్కు మీద కూడా కాస్త గ్రీజు. ఆ ముక్కు ముందు పరువు పోకూడదనిపించింది నాకు.

"అస్సలు నడపలేదండీ. దాటగానే ఆపేశాను."

"అబద్ధం," అంది వెనక సీట్లోంచి నానమ్మ. "ఆరు కిలోమీటర్లు తోలాడమ్మా. ఆపరా అంటే, నీకేం తెలుసు కూర్చో అన్నాడు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"డాక్టరు దగ్గర, మెకానిక్ దగ్గర అబద్ధం ఆడకూడదండీ," అంది ఆ అమ్మాయి, నవ్వకుండానే, మళ్ళీ ఇంజిను మీదకి వంగుతూ.

మాది కుట్టుపని కుటుంబం. నాన్న టైలరు, నేను కటింగు, అమ్మ మిషను, నానమ్మ గుండీలూ అజమాయిషీ. బడి యూనిఫారాల హడావిడి మొదలయ్యే ముందు, వసంతం చివర్లో వరసగా వచ్చే ఈ మూడు రోజుల సెలవులే ఏడాది మొత్తానికి మాకు దక్కే విశ్రాంతి. శనివారం పొద్దున్నే సముద్రం చూద్దామని బయల్దేరాం. సముద్రం సంగతేమో కానీ, సగం దారిలో మా రేడియేటర్లో నీళ్ళు మాత్రం అయిపోయాయి. అదృష్టం కొద్దీ ఎదురుగా ఈ షెడ్డు తెరిచి ఉంది.

అరగంట తర్వాత ఆమె తీర్పు చెప్పింది.

"వాటర్ పంపు పోయింది. వెనక పడున్న పాత వ్యానుకి ఇదే పంపు ఉంది. తీసి బిగిస్తాను. సోమవారం మధ్యాహ్నానికి మీ బండి మీకు."

"సోమవారమా! ఇవాళ శనివారమండీ!"

"తెలుసు. క్యాలెండరు మాకూ ఉంది."

"ఇంకెవరూ లేరా? అంటే... పెద్ద మెకానిక్కు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గుమ్మం దగ్గర కుర్చీలో, కుడిచేతికి పిండికట్టుతో కూర్చున్న ఆమె నాన్న నా వైపోసారి, కూతురి వైపోసారి చూశాడు.

"ఉన్నాను. చెయ్యి విరిగింది," అన్నాడు.

మా వాళ్ళు మాత్రం ఏ మాత్రం బెంగపడలేదు. అమ్మ షెడ్డు ముందు చెట్టు నీడన చాప పరిచి భోజనం డబ్బాలు విప్పింది. నాన్న పిండికట్టు పెద్దాయన పక్కన కుర్చీ లాక్కున్నాడు. నానమ్మ ఖాళీగా ఉండలేక, షెడ్డులో మూలపడ్డ పాత బండ్లన్నిటికీ చిరిగిన సీట్లు వెతికి మరీ కుట్టడం మొదలుపెట్టింది. కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడింది నేనొక్కణ్ణే.

సాయంత్రం వాన వచ్చింది. చినుకులు రేకుల మీద టపటపమంటుంటే పాత వ్యాను కింద పడుకుని ఆమె బోల్టులు విప్పుతోంది. మధ్యమధ్య బయటికొచ్చి పానా మార్చుకునేటప్పుడు నా వైపు ఓ చూపు. నేను చూస్తే తను చూడదు, తను చూస్తే నేను చూడను. అలా బాగానే గడిచిపోయేది, నేను బుద్ధిగా కూర్చుని ఉంటే.

కూర్చోలేదు. పక్కగోడ చాటుకెళ్ళి, మా ఊళ్ళో తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"అవునన్నా, ఇక్కడెవరో అమ్మాయి చేస్తోంది. నాకైతే నమ్మకం లేదు. సోమవారం పొద్దున్నే నువ్వొచ్చి చెయ్యి వేస్తే..."

వెనక్కి తిరిగితే ఆమె. ఓ చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నాకోసం తెచ్చిన టీ గ్లాసు. నా మొహంలోకి చూస్తూ ఆ టీ మొత్తం తనే తాగేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

పది నిమిషాల తర్వాత లోపల్నుంచి ఏదో చిరిగిన చప్పుడు, ఆ వెంటే రెంచి నేలకేసి కొట్టిన చప్పుడు వినపడ్డాయి.

"గ్యాస్కెట్ చిరిగింది," అన్నాడు పిండికట్టు పెద్దాయన మెల్లగా. "పంపుకీ ఇంజినుకీ మధ్య మందపాటి కాగితం లాంటిది వేస్తాం. సరిగ్గా అదే ఆకారంలో కోయాలి. వెంట్రుకంత తేడా వచ్చినా నీళ్ళు కారతాయి. కోపంలో కోసినట్టుంది. కొందామంటే సెలవులకి షాపులు తెరవలేదు. షీటులో ఇక జానెడు ముక్క మిగిలింది."

నేను చప్పుడు వినపడ్డ వైపు తొంగిచూశాను.

"ఈ మూడు రోజుల్లో ఇంకో మెకానిక్కు చెయ్యి పడకుండా ఒక్క బండి రోడ్డెక్కించు, షెడ్డు నీకే అని మా అమ్మాయితో అన్నాను బాబూ. లేకపోతే మంగళవారం మా తమ్ముడికి అప్పగిస్తాను, నువ్వు ఏదో ఉద్యోగం చూసుకో అన్నాను. వచ్చింది మీ బండి ఒక్కటే."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది. ఊళ్ళో మెకానిక్‌కి అప్పటికప్పుడే ఫోన్ చేసి, రావద్దని బతిమాలుకున్నాను.

ఆ రాత్రికి పక్కనున్న లాడ్జిలో పడుకుని, ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు షెడ్డుకెళ్ళాను. ఆమె జానెడు ముక్క ముందు పెట్టుకుని, చేతిలో బ్లేడుతో అలాగే కూర్చుని ఉంది. ముక్క మీద ఇంకా ఒక్క గాటూ పడలేదు.

"ఫోన్ క్యాన్సిల్ చేశాను. తప్పు నాది," అన్నాను.

"సంతోషం. వెలుతురుకి అడ్డం తప్పుకోండి."

"నేను కోస్తాను."

"వద్దు. నేనే చెయ్యాలి."

"నేను మెకానిక్‌ని కాదుగా. పదేళ్ళుగా కాలర్లు, చంకలు కోస్తున్నాను. వంపులు నా పనండీ. మిగతాదంతా మీ పనే."

ఆమె తండ్రి వైపు చూసింది. కుర్చీలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మెకానిక్కు అన్నాను. దర్జీల ఊసు నేనెత్తలేదు," అన్నాడు.

సంచిలోంచి కత్తెర తీశాను. అది నాన్నది. సెలవైనా, సముద్రమైనా ఆ కత్తెర వెంట రావాల్సిందే. గుడ్డ కోసే కత్తెరకి కాగితం తగిలితే పదును చచ్చిపోతుంది. చిన్నప్పుడు పుస్తకానికి అట్ట వేయడానికి దాన్ని తీశానని నాన్న నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఆమె పంపు అంచుకి గ్రీజు రాసి ముక్క మీద నొక్కింది. నల్లటి అచ్చు పడింది. నేను కత్తెర తెరిచాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నాన్న.

చేతిలో కత్తెర, దాని నోట్లో కాగితం. తప్పించుకునే దారి లేదు. "నాన్నా, నాకు ఈ పని..." అని నసిగాను.

నాన్న నన్ను చూశాడు, కత్తెరని చూశాడు, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ అమ్మాయిని కాస్త ఎక్కువసేపు చూశాడు. వచ్చి నా భుజం పక్కన నిలబడ్డాడు.

"వంపు దగ్గర కత్తెర తిప్పకు. కాగితం తిప్పు," అన్నాడు.

కోశాను. ఒక్క వంపు, ఇంకో వంపు, చివర చిన్న మెలిక. బోల్టు రంధ్రాలు ఆమె పంచ్‌తో కొట్టింది. పంపు మీద పెడితే గీత గీతకీ కుదిరింది. ఆమె తలెత్తింది. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఇక దాచడానికేముంది?

"కత్తెర పాడైపోయింది కదా మాస్టారూ," అంది నాన్నతో, నొచ్చుకుంటూ.

"పదును పెట్టిస్తే వస్తుందమ్మా. నువ్వు బోల్టులు బిగించు," అన్నాడు నాన్న.

బిగించింది. ఆదివారమంతా, సోమవారం పొద్దునంతా. నేను పానాలు అందించబోతే చెయ్యి మీద కొట్టి, "అది మెకానిక్ పని. మీరు కబుర్లు చెప్పండి," అంది. చెప్పాను. లాల్చీకి జేబులు కుట్టించుకోవడం మరిచిపోయి, దండ వేయించుకుంటూ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అల్లాడిన నాయకుడి కథ విని, బండి కింద పడుకుని పగలబడి నవ్వింది.

సోమవారం మధ్యాహ్నం ఇంజిను అందుకుంది. పెద్దాయన పరీక్ష అప్పుడే మొదలైంది. గంటసేపు నడవాలి, ఒక్క చుక్క కారకూడదు. అమ్మ ఓ తెల్లటి లైనింగు గుడ్డ తెచ్చి ఇంజిను కింద పరిచింది. అందరం దాని చుట్టూ చేరి, పసిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తూ కూర్చున్నాం. నానమ్మ కూడా సూది పక్కన పెట్టింది. ఆమె మాత్రం గోళ్ళు కొరుక్కుంటూ అటూ ఇటూ తిరిగింది.

గంట అయింది. పెద్దాయన వంగి, ఎడమచేత్తో గుడ్డ బయటికి లాగాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పొడిగా, మల్లెపువ్వులా ఉంది.

"మీ బాబాయికి ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు. "షెడ్డు ఖాళీ లేదని చెప్పు. ఓనరు పనిలో ఉందని చెప్పు."

ఆమె చేతుల్లో మొహం దాచుకుంది. మొహమంతా గ్రీజు అయింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది, నాన్న చప్పట్లు కొట్టాడు. నేనెగిరి గంతేశాను, బానెట్‌కి తల తగిలింది.

ఇంజిను ఇంకా ఆగలేదు. మావాళ్ళు సామాను సర్దుతున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని, వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"మీరంటే నాకిష్టం."

"ఏంటి?" అంది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"మీరంటే ఇష్టం అంటున్నాను!"

"వినపడట్లేదు!"

ఆమె చెయ్యి చాచి తాళం తిప్పింది. ఇంజిను ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం.

"అయ్యో, ఆపేశావేంటమ్మా! మళ్ళీ స్టార్టు కాకపోతే?" అంది అమ్మ.

"అవుతుందండీ. నేను చేసిన బండి," అని నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు."

రెండు కుటుంబాలూ నా మొహంలోకే చూస్తున్నాయి. అయినా గట్టిగానే చెప్పాను.

"నువ్వంటే నాకిష్టం. నీ పని అంతకన్నా ఇష్టం. నమ్మకం లేదన్నందుకు చాలా సిగ్గుపడ్డాను."

"పడాలి," అంది. "నాకూ ఇష్టమే. శనివారం నుంచి కాదు, శనివారం నువ్వంటే ఒళ్ళు మంట. నిన్న పొద్దుటి నుంచి."

"ఏమంటారు బావగారూ?" అన్నాడు నాన్న.

"నేననేదేముంది? ఓనరు ఆమె," అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

ఆమె మళ్ళీ తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజిను అందుకుంది. ఆ హోరులో మా నానమ్మ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.