ఒక్క క్యాండిడేటూ చేజారని మనిషి

"ముగ్గురిలో ఇద్దరు పోయారు. మూడోవాడు ఈ సాయంత్రం పోతాడు," అన్నాడు చీఫ్.

పిల్లి ముందుకు వంగాడు. అడుగుల చప్పుడు కాకుండా నడుస్తాడని ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. అతను టేబుల్ మీది మూడో ఫోటోనే చూస్తున్నాడు. అది అతని అక్క భర్తది.

"మీ బావ పనిచేసే రాడార్ ల్యాబ్ నుంచే ఆ ఇద్దరూ పోయారు. విదేశంలో పెద్ద ఉద్యోగమని ఒక రిక్రూటర్ ఆశ పెట్టాడు. సరిహద్దు దాటాక జాడ లేదు. ఆరింటికి మీ బావ కోసం కారు వస్తుంది. ఎక్కడికో తెలీదు."

"ఫోన్ చేసి ఆపేస్తాను."

"చేశాం. ఎత్తట్లేదు. తెలిసినవాళ్ళ ఫోన్లు ఎత్తొద్దని వాళ్ళు నూరిపోసుంటారు. మధ్యాహ్నమే ఇల్లు వదిలాడు."

చీఫ్ ఒక బ్యాడ్జి చేతిలో పెట్టాడు. "ఐదింటికి ఒక కేఫ్ మేడ మీద హెచ్ఆర్ వాళ్ళు కలుస్తున్నారు. ఊరికే, పిచ్చాపాటీకి. ఆ రిక్రూటరూ వస్తున్నాడు. మొహం ఎవరికీ తెలీదు. నువ్వు అట్టపెట్టెల కంపెనీ హెచ్ఆర్ మేనేజర్‌వి. వాణ్ణి పట్టుకోవాలంటే బ్యాడ్జి నొక్కు, వెయిటర్లిద్దరూ మనవాళ్ళే. మన డబుల్ ఏజెంట్ వచ్చి, 'మంచి ప్రొఫైల్ ఉంటే చెప్పండి' అంటుంది. అదే కోడ్."

కేఫ్ మెట్లెక్కి కాఫీ కప్పు అందుకునేలోపే పిల్లితో నలుగురు ఆ మాట అన్నారు. ఈ కోడ్ రాసిన మహానుభావుడు జన్మలో హెచ్ఆర్ వాళ్ళ మధ్య నిలబడలేదని అతనికి అర్థమైంది.

అతనికి అందరి మీదా అనుమానమే. గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళే అందరూ. ఎక్కడ పనిచేస్తున్నారు, పైన ఎవరున్నారు, మానేసే ఆలోచన ఉందా అని చనువుగా కూపీ లాగేవాళ్ళే. విచారణ గదిలో తను ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నలు వీళ్ళు బిస్కెట్ కొరుకుతూ అడిగేస్తున్నారు.

"మంచి ప్రొఫైల్ ఉంటే చెప్పండి," అంది ముత్యాల దండ వేసుకున్న ఒకావిడ. తర్వాత చాలా నెమ్మదిగా, "పిల్లిగారూ," అని చేర్చింది.

ఆవిడ అందం చూసి గది సగం అటే తిరిగి ఉంది. పిల్లి మాత్రం ఆవిడ చేతిలోని ఫోన్ చూశాడు. ఇటూ అటూ జీతం తీసుకునే మనిషిని నమ్మడం అతనికి చేతకాదు.

"వాడెవడు?"

"తెలీదండి. నాకు మెసేజ్‌లే వస్తాయి. మొహం చూడలేదు."

"అబద్ధం చెప్పడం మీకు వృత్తే కదా."

"మీకు కాదా?" అంది ఆవిడ.

ఇద్దరూ పెద్ద టేబుల్ దగ్గర కూర్చున్నారు. అక్కడ అందరూ తమ గోడు వెళ్ళబోసుకుంటున్నారు.

"ఆఫర్ ఇచ్చాం, లాప్‌టాప్ కొన్నాం, జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్," అన్నాడు ఒక కన్సల్టెంట్.

"మావాడు వాళ్ళమ్మమ్మ పోయిందన్నాడు. పోయినేడు నాకు ఎగ్గొట్టినప్పుడూ ఆ అమ్మమ్మే పోయింది," అంది ఒక టాలెంట్ మేనేజర్.

అందరూ నవ్వారు. చివర్లో కూర్చున్న చుక్కల టై పెద్దమనిషి కూడా నవ్వాడు. చూడ్డానికి లెక్కల మాస్టారిలా సౌమ్యంగా ఉన్నాడు. "నాకా బాధ లేదండి. ఇన్నేళ్ళలో ఒక్క క్యాండిడేటూ చేజారలేదు. చేరాక మానేసినవాడూ లేడు."

కన్సల్టెంట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎలా సార్? రోజూ ఫోన్ చేస్తారా?"

"ఎందుకు చేయడం? వస్తానన్నవాడు రాడా?"

పిల్లి కప్పు కింద పెట్టాడు. ఈ వృత్తిలో క్యాండిడేట్ వచ్చి సీట్లో కూర్చునేదాకా ఎవరికీ కంటి మీద కునుకుండదు. రాకపోవడం అనేది తెలియని రిక్రూటర్ ఉండడు. మానేసి వచ్చేయడానికి వీల్లేని చోటికి పంపేవాడికే ఆ ధీమా ఉంటుంది.

అతని వేలు బ్యాడ్జి మీదికి వెళ్ళింది. ముత్యాలావిడ ఆ చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయింది.

"ఇప్పుడు వాణ్ణి పట్టుకుంటే కారు ఆగదు. మీ బావ పోతాడు. ఆయన నా నంబర్ ఒక్కటే ఎత్తుతాడు."

"మీ నంబర్ ఆయనకెందుకు తెలుసు?"

ఆవిడ కళ్ళు దించుకుంది. "ఆయన్ని వాళ్ళకి చూపించింది నేనే. ఈ మాట మీ చీఫ్‌కీ చెప్పలేదు. అప్పటికి వాళ్ళ సంగతి నాకు తెలీదు. ఆ రెండో ఇంజినీర్ భార్య వచ్చి నా గుమ్మంలో కూర్చుని ఏడ్చాకే మీ చీఫ్ దగ్గరికి వచ్చాను. నన్నీ ఫోన్ చేయనివ్వండి."

ఆ ఫోన్ వాళ్ళకే వెళితే? పిల్లి గడియారం చూశాడు. ఆరు కావస్తోంది. అక్క మొహం గుర్తొచ్చి అతనికి భయం వేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి ఒక డబుల్ ఏజెంట్‌ని నమ్మి తల ఊపాడు.

ఆవిడ స్పీకర్ పెట్టింది.

"సార్, ఎక్కడున్నారు?"

"కారు డోర్ తీసి నిలబడ్డాను మేడం," అంది బావ గొంతు.

"ఎక్కకండి. మీకు ఇంతకన్నా మంచి ఆఫర్ వచ్చింది. ఈ ఊళ్ళోనే. కానీ ఇంకోచోట చేరారని తెలిస్తే ఆ ఆఫర్ రద్దు చేస్తారు."

అవతల ఇంజిన్ చప్పుడు వినిపిస్తోంది.

"పోస్ట్ ఏంటండీ?"

"హెడ్."

డోర్ ధడేల్‌మని మూసుకుంది. "నేను రావట్లేదు, నువ్వెళ్ళు," అని ఎవరితోనో అంటున్నాడు బావ. చుట్టూ బజారు గోల. అంతమంది మధ్య డ్రైవర్ ఏమీ చేయలేకపోయినట్టుంది. కారు వెళ్ళిపోయింది.

లోపల చుక్కల టై ఫోన్ మోగింది. విన్నకొద్దీ అతని మొహం పాలిపోయింది.

"క్యాండిడేట్ ఎగ్గొట్టాడా సార్?" అడిగింది టాలెంట్ మేనేజర్ జాలిగా. "బాధపడకండి, అందరికీ అయ్యేదే."

పిల్లి బ్యాడ్జి నొక్కాడు. వెయిటర్లిద్దరూ ట్రేలు పక్కన పెట్టి, ఓదారుస్తున్నట్టే చెరో భుజం మీద చెయ్యేసి చుక్కల టైని కిందికి నడిపించారు. అతను నోరు విప్పాక, నెల తిరిగేసరికి పోయిన ఇద్దరూ ప్రాణాలతో ఇల్లు చేరారు.

అంతకుముందే, ఆ వారం ఆదివారం, అసలు సంగతి ఇంకా తెలియని బావ అక్క ఇంట్లో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"బంగారంలాంటి ఉద్యోగం వదులుకున్నానురా. హెడ్ పోస్టంది ఆవిడ. అప్పట్నుంచీ ఫోన్ ఎత్తితే ఒట్టు. ఈ హెచ్ఆర్ వాళ్ళని చచ్చినా నమ్మకూడదు."

"అంతే బావా," అన్నాడు పిల్లి కాఫీ ఊదుకుంటూ. "మనం అవసరమైనంతసేపే మాట్లాడతారు. రెండ్రోజుల్నుంచీ నా ఫోనూ ఎత్తట్లేదు."