నిండుకుంది

చంద్రుడి మీద ఉదయనగరంలో తలుపు తీయాలన్నా, కుళాయి తిప్పాలన్నా కెర్నెల్ ఒప్పుకోవాలి. నగరంలోని యంత్రాలన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాం అది. రెండు తరాలవాళ్ళు దాన్ని తెలుగులోనే రాశారు. పొడవాటి ఆజ్ఞల వరుసకు పెట్టుకునే పొట్టిపేరు మాక్రో. ఆ పేర్లు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టారు.

భగవంతుడికి వేయి పేర్లున్నా ఆయనకు తికమక లేదు. యంత్రం తికమకపడటానికి రెండు చాలు. అందుకే ముఖ్య ఇంజనీరు పరాంకుశం 'ఏకనామి' అనే ప్రోగ్రాంను తయారుచేశాడు. అర్థం ఒకటైన మాక్రోలన్నిటినీ వెతికి, అది ఒకే పేరు కిందికి తెస్తుంది.

ఆ ఉదయం పేర్ల శుద్ధి పూర్తయింది. తెర మీద పచ్చదీపాలు వెలిగాయి.

"చూశావా యామినీ? ఒక్క తప్పు లేదు!" అన్నాడు పరాంకుశం.

సహాయ ఇంజనీరు యామిని మార్పుల వరుస చదువుతోంది. ఒకచోట ఆగిపోయింది. 'శిశుశాల గాలి: నిండుకుంది' అన్న పాత పేరు 'నిండింది'గా మారింది. పక్కనే, 'పంపు ఆపబడింది.'

"సార్! ఆ భాగం రాసింది భ్రమరాంబగారు!"

"అయితే?"

"ఆవిడ ఇంట్లో ఉప్పు అయిపోయినా నిండుకుందనే అంటారు! అక్కడ గాలి నిండలేదు సార్, అయిపోయింది. మా పాప అక్కడే ఉంది!"

యామిని పక్క భవనంలోని శిశుశాలకు పరుగెత్తి, చేతివాల్వు బలంకొద్దీ తిప్పింది. బుస్సుమంటూ గాలి వచ్చింది. మగతగా పడివున్న పిల్లలు ఒక్కొక్కరే కదిలారు. అందరికంటే ముందు ఆమె కూతురే ఏడుపు లంకించుకుంది.

పాపను ఎత్తుకునే తిరిగి వచ్చింది.

"ఈ మాక్రోకు కొత్త పేరు చెప్పండి," అంది ఏకనామి.

"'గాలి అయిపోయింది' అని పెట్టండి సార్."

పరాంకుశం చేయి ఆడలేదు. "పసిపిల్లల గది మీద అలాంటి మాటేమిటమ్మా, శుభమా అని..."

"ఇందాకటి శుభం చాలదా? పెట్టండి."

మనసులో దణ్ణం పెట్టుకుని పెట్టాడు.

అంతలో గనిలో పనిచేసే ఆమె భర్త ఫోన్ చేశాడు. "గొంతేంటి అలా ఉంది? ఏమైంది?"

యామిని కళ్ళు తుడుచుకుంది. "ఏం లేదండీ. కాస్త జలుబు."

ఫోన్ పెట్టగానే ఏకనామి అడిగింది: "'ఏం లేదు' అన్న పేరును ఏ అర్థం కింద చేర్చమంటారు?"



"దాని జోలికి వెళ్ళకు," అన్నాడు పరాంకుశం.