మూడో సోమవారం నీళ్ల చార్టు

"ఈ యమ్మికి నోరు జాస్తి నాన్నా. మనమేదో దొంగతనం చేసినట్ల అడుగుతాండాది."

నేనన్న ఈ మాటకు మా నాన్న నవ్వలేదు. ఎదురుగా నిలబడ్డ నర్సు నవ్వింది. అప్పటిదాకా ఆమె నన్ను కన్నడంలో అడిగింది, నేనూ కన్నడంలోనే జవాబు చెప్పాను. బళ్లారి ఆసుపత్రిలో తెల్ల యూనిఫారం వేసుకున్నవాళ్లెవరికీ తెలుగు రాదనుకోవడం నా తెలివి.

"నోరు ఉండేది మాట్లాడేకే గదప్పా," అంది అచ్చంగా మా తెలుగులో. "మీ నాయన దినానికి ఎన్ని నీళ్లు తాగుతాడని అడిగినా. దాంట్లో దొంగతనం ఏముండాది?"

క్షమించమని అడగాలనుకున్నాను. బదులుగా, "మీది యా ఊరు?" అని అడిగాను.

"మీ నాయనకు వైద్యం మా ఊరు చూసి చేస్తారా?" అంది. ఆ తర్వాత జాలిపడి, "కూరెకుప్ప. పేరు సుమ. ఆయ్తా? ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పు," అంది.

నా పేరు చక్రధర్. మాది తెక్కలకోట. కాలవ కింద వరిమడి ఉంది, దోణిమలై గనుల దగ్గర తిరిగే రెండు టిప్పర్లున్నాయి. మడి మా నాన్న నారప చూసుకుంటాడు, టిప్పర్లు నేను. అప్పటికి మూడేళ్ల కిందట నాన్న మెడ పక్కన గడ్డలు కనిపిస్తే పరీక్షలు చేసి, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అన్నారు. రక్తంలోని ఒక రకం తెల్లకణాలు చావాల్సిన వేళకు చావకుండా పోగుపడే జబ్బు. నిదానంగా నడిచేదనీ, అప్పుడే మందు అక్కర్లేదనీ, చూస్తూ ఉందామనీ డాక్టరు చెప్పారు. కాన్సరని చెప్పి మందివ్వని ఆ డాక్టరును మా అమ్మ రామలక్ష్మమ్మ మూడేళ్లూ నమ్మలేదు.

ఆ వేసవికి గడ్డలు పెరిగాయి. హిమోగ్లోబిన్ దిగింది. గట్టు మీద నాలుగడుగులు వేస్తే నాన్న కూర్చుండిపోతున్నాడు. ఇక మొదలుపెడదామన్నారు డాక్టరు. వెనెటోక్లాక్స్ అనే మాత్ర, తోడుగా కొన్ని ఇంజెక్షన్లు, ఏడాది కోర్సు. ఇంజెక్షన్లు ముందే మొదలయ్యాయి. మాత్ర మొదలుపెట్టిన రోజే సుమ మా మొహాన పడింది. మేమే ఆమె మొహాన పడ్డామనడం న్యాయం.

"మడిలో గడ్డిమందు కొడతారు గదా పెద్దాయనా? పైరును ముట్టకుండా గడ్డినే చంపేది," అంది నాన్న పక్కన స్టూలు లాక్కొని. "ఈ మాత్రా అట్లాదే. జబ్బు కణాన్ని చావనీకుండా కాపాడే ప్రోటీన్ ఒకటుండాది. నేరుగా పొయ్యి దాన్నే పట్టుకుంటాది."

"అయితే మంచిదే గదమ్మా," అన్నాడు నాన్న.

"మంచిదే. కానీ బిరీన చంపుతాది. చచ్చిన కణాల చెత్తంతా ఒకేసారి రక్తంలోకి వస్తాది. దాన్ని కిడ్నీలు బయటికి తొయ్యాల. నీళ్లు చాలకుంటే కిడ్నీలకూ కష్టం, గుండెకూ కష్టం. అందుకే కొంచెం కొంచెంగా పెంచుతారు. ఇరవై మిల్లీగ్రాములు, యాభై, నూరు, ఇన్నూరు, నాన్నూరు. అయిదు సోమవారాలు. ఈ దినానికి మేమే సెలైన్ పెడతాం. ఇంకమీద ప్రతి సోమవారానికి రెండు దినాల ముందు నుంచే నీళ్లు తాగాల. ఈ ఎండలకు దినానికి మూడు లీటర్లు."

తర్వాత నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఈ చార్టు నీది. గ్లాసు గ్లాసుకూ టైము రాయాల. తాగింది రాయాల, తాగాల్సింది కాదు."

ఆ వారం నేను రాసిన చార్టు నిజమైనది. ఇది మాత్రం గర్వంగానే చెప్పుకుంటాను. గంటకొకసారి గ్లాసు పట్టుకొని నాన్న వెనకాలే మడిలో తిరిగాను. "నన్ను చెరువు చేస్తాండావేమిరా?" అని ఆయన విసుక్కున్నా వదల్లేదు.

రెండో సోమవారం చార్టు చూసి సుమ కనుబొమలు ఎత్తింది. "నూరు మందికి ఇచ్చింటా ఈ కాగితం. ఇట్ల రాసినోడివి నువ్వే," అని ఫోన్‌లో ఫోటో తీసుకుంది. "మిగతా పేషెంట్లకు చూపించల్ల."

నా జీవితంలో ఏ పరీక్షలోనూ నన్నెవరూ ఇలా మెచ్చుకోలేదు. డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. ఆ ఫోటో ఆమె ఫోన్‌లో ఉందన్న ఆలోచనే నన్ను వారం రోజులు నేల మీద నడవనివ్వలేదు.

ఆ సాయంత్రమే వాన పడింది. బళ్లారిలో ఏప్రిల్ వానంటే వింత. మాత్ర వేశాక రెండోసారి రక్తం తీసేదాకా నాన్న లోపల పడుకున్నాడు. నేను పోర్టికోలో నిలబడితే, డ్యూటీ దిగిన సుమ గొడుగు లేక నా పక్కనే ఆగిపోయింది. వాన నా తరఫున పనిచేస్తోందని అనుకున్నాను.

"టీ తాగుతారా మేడం?"

"అందరూ సిస్టర్ అంటారు. నువ్వొక్కడివే మేడం అంటాండావు. ఎందుకప్పా?"

"ఆ మాట నా నోట్లోంచి రాదు," అన్నాను.

ఆమె వాన వైపు తిరిగింది. నవ్వు దాచుకోవడానికే తిరిగిందని ఇప్పటికీ నా నమ్మకం.

టీ తాగుతూ తన సంగతి చెప్పింది. నాయన సోమప్ప, అమ్మ భీమక్క, ఇద్దరూ కూలికి పోయి చదివించారు. ఆసుపత్రిలో ఏడాది కాంట్రాక్టు. బెంగళూరులో కాన్సర్ నర్సింగ్ శిక్షణకు ఆసుపత్రి ఇద్దరిని పంపుతుంది, ఈసారి జాబితాలో తన పేరుంది. "అది అయితే నన్ను ఎవరూ కదిలించలేరు," అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం చూసి, ఈ అమ్మాయి కోసం ఏమైనా చేస్తానని మనసులో అనుకున్నాను.

ఏం చేశానో వినండి.

మూడో సోమవారానికి ముందు శనివారం దోణిమలైలో ఒక టిప్పర్ యాక్సిల్ విరిగింది. రెండు రోజులూ అక్కడే ఉండిపోయాను. ఆదివారం చీకటి పడ్డాక ఇల్లు చేరి పడి నిద్రపోయాను. తెల్లవారి బస్టాండులో సంచి తెరిస్తే చార్టు ఖాళీగా ఉంది.

"నీళ్లు తాగినావా నాన్నా?"

"ఊ," అన్నాడు.

ఆ "ఊ" నాకు చాలింది. బెంచీ మీద కూర్చొని రెండు రోజుల చార్టు నింపాను. నిజమనిపించాలని రెండు పెన్నులు వాడాను. మధ్యలో ఒకచోట మజ్జిగ కూడా రాశాను. ఖాళీ కాగితం ఇస్తే ఆమె మొహం ఎలా మారుతుందో ఊహించుకొని, ఆ మొహం చూడలేక చేసిన పని అది. నాన్న ప్రాణం సంగతి ఆ పది నిమిషాలు నాకు గుర్తే రాలేదు.

పొద్దున తీసిన రక్తంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగింది. సుమ రిపోర్టు పట్టుకొని వచ్చింది.

"నీళ్లు సరిగ్గా పోయినాయా?"

చార్టు ఇచ్చాను. ఆమె కళ్లు మెరిశాయి. అయినా, "పెద్దాయనను కూడా ఒక మాట అడగల్ల," అని మంచం వైపు కదిలింది. నాన్న కునుకు తీస్తున్నాడు.

"పడుకోనీ మేడం, రాత్రి నిద్ర లేదు. నేను చెప్తాండా గదా."

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత 'పేషెంటును అడిగి నిర్ధారించుకున్నాను' అన్న గడిలో సంతకం పెట్టింది. చార్టు చూసిన డాక్టరు నూరు మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు.

ఆ సాయంత్రం రక్తం చూసి ఇంటికి పోవద్దని ఉంచేసుకున్నారు. మంగళవారం పొద్దునకు నాన్నకు కాళ్లు పట్టేశాయి. మూత్రం తగ్గింది. పొటాషియం, యూరిక్ యాసిడ్ ఎగబాకాయి. ఐసీయూలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు, మాత్ర ఆపేశారు. ఊరి నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నీకు చెప్పొద్దన్యాడ్రా," అంది ఏడుస్తూ. "ఈ మాత్ర పని చెయ్యాలని ఆంజనేయస్వామికి మొక్కుకున్యాడు. శని, ఆది రెండు దినాలు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా నీటి చుక్క ముట్టలే. మందు డాక్టరుది, మొక్కు మనది అనుకుంటిమి."

కోపం రాలేదు. నేనుంటే గ్లాసు పట్టుకొని వెంటపడేవాణ్ణి, అప్పుడే బయటపడేది. లేను. లేనని చెప్పనూ లేదు.

"ఈ సంగతి ఈడ ఎవరికీ చెప్పొద్దమ్మా," అన్నాను.

ఆ మధ్యాహ్నం హెడ్ నర్సు పుష్పావతి నన్ను వరండాలోకి పిలిచింది. ఆమె పక్కన సుమ నిలబడి ఉంది. చార్టు హెడ్ నర్సు చేతిలో ఉంది.

"ఇది నువ్వు చూసి రాసినావా?"

నేను సుమను చూశాను. ఆమె బెదిరిపోయి లేదు. నేను నిజమే చెప్తానన్న ధైర్యంతో నిలబడింది. ఆ ధైర్యాన్ని చూసే నాకు భయమేసింది. నిజం చెప్తే ఈ అమ్మాయి ఇక నా మొహం చూడదనుకున్నాను.

"చూసిందే రాసినా," అన్నాను.

ఆమె తల వంచుకోలేదు. నేనే వంచుకున్నాను.

నాలుగు రోజులకు నాన్న కోలుకున్నాడు. కింది డోసు నుంచి మళ్లీ మొదలుపెట్టి నిదానంగా నాన్నూరుకు చేర్చారు. ఆ సోమవారాలన్నీ వేరే నర్సు వచ్చింది. రోగిని అడగకుండా సంతకం పెట్టానని తనే ఒప్పుకుందనీ, అందుకు సుమను డే కేర్ వార్డు నుంచి తీసేశారనీ, శిక్షణ జాబితాలో పేరు కొట్టేశారనీ, కాంట్రాక్టు పొడిగించలేదనీ ఆ నర్సే చెప్పింది. కూరెకుప్ప ఎంత దూరం? టిప్పర్ల కోసం వారానికి మూడుసార్లు అటుగానే పోతాను. ఆ మలుపు దగ్గర ప్రతిసారీ బండి వేగం పెంచాను.

ఏడాది గడిచింది. కోర్సు ముగిసింది. మెడ గడ్డలు మాయమయ్యాయి, ఎముక మూలుగ పరీక్షలో కూడా జబ్బు జాడ కనిపించలేదు. రిపోర్టు పట్టుకొని నాన్న చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"మొదట్ల నీళ్లు నీళ్లని అరిచిన యమ్మి యాడుండాదిరా? చీర పెట్టల్ల. మడిలో మళ్లా నడుస్తాండానని చెప్పల్ల."

ఇంక మింగలేకపోయాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నీళ్లు తాగనిది నా తప్పు," అన్నాడు. "ఆ పిల్ల మీదికి తోసింది నీది. నాది నేను డాక్టరుకు చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పుకో."

ఇద్దరం లోపలికి వెళ్లాం. నేను జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. డాక్టరు నన్ను తిట్టలేదు. "ఏడాది పట్టిందా?" అని మాత్రం అడిగి, చార్టు నేను కల్పించిందనీ, సుమ రోగిని అడగబోతే నేనే ఆపాననీ ఆసుపత్రికి లేఖ రాశారు. దాని నకలు పట్టుకొని మరుసటి రోజు కూరెకుప్ప పోయాను. మలుపు దగ్గర ఈసారి ఆగాను.

భీమక్క తలుపు తీసింది. వెనకాల సుమ. ఊళ్లోనే ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తోందట, అప్పుడే బయల్దేరబోతోంది.

"మీ నాయన బాగుండాడా?" ఇదే ఆమె అడిగిన మొదటి మాట.

"బాగుండాడు. జబ్బు జాడ లేదన్యారు."

ఆమె కళ్లు మూసుకొని తెరిచింది. ఆ సంతోషంలో నాకు భాగం లేదని తెలుస్తూనే ఉంది. లేఖ ఇచ్చాను. నిలబడే రెండుసార్లు చదివింది.

"ఎప్పుడో తెలుసు నాకు. నూరు చార్టులు చూసినదాన్ని. ఆ వారం చార్టులో ఒక్క కొట్టివేత లేదు. రాత్రి కూర్చొని మళ్లా చూస్తే అర్థమాయె."

"అప్పుడే చెప్పింటే?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారప్పా? సంతకం నాది. నువ్వొస్తావని చూసినా. ఒక నెల చూసినా."

"సుమా, నాకు నువ్వంటే…"

"నీది నాకు తెలుసు. ఆ వాన దినం నుంచే తెలిసిపోయేది నీ మొహంలో. నాది చెప్తా విను." ఆమె లేఖను మడిచింది. "ఆ పొద్దున, 'నేను ఊర్లో లేను, ఈ కాగితం ఉత్తదే' అని చెప్పింటే, వార్డంతా వినేటట్ల తిట్టింటా. డోసు ఆపించింటా. ఆమీద ఇంటికొచ్చి, మళ్లా సోమవారం ఎప్పుడొస్తాదా అని చూస్తా ఉండింటా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఈ లెటర్ పెట్టి శిక్షణకు అర్జీ వేస్తా. తెచ్చినందుకు చాలా ఉపకారం. మీ నాయనకు చీరేమీ వద్దని చెప్పు."

లేఖను సర్టిఫికెట్ల ఫైలులో పెట్టి, చెప్పులు వేసుకొని, నన్ను దాటుకొని వీధిలోకి నడిచింది. వెనక్కి తిరిగి నాలుగు మాటలు తిడుతుందేమోనని ఆ గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. తిట్టలేదు.